తులసి ఏకాదశి

ముందే ప్రమాణం చేస్తున్నాను: కింద రాసిన ప్రతి అక్షరమూ నిజం. కాకపోతే రేపు పొద్దున నాకు కాఫీ దొరక్కుండా పోవుగాక. (కాఫీ మీద నేను ఊరికే ఒట్టు పెట్టుకోనని మా ఇంట్లో అందరికీ తెలుసు.) ఆ రోజుల్లో ఎవరైనా కాశీ వెళ్తే ఇల్లూ, మొక్కలూ, పెంచుకున్న ప్రాణులూ తెలిసినవాళ్ళకి అప్పజెప్పి వెళ్ళేవారు. వాళ్ళు కాదనడానికి వీల్లేదు. కాశీ పుణ్యంలో వాటా వస్తుందని ఆశపెట్టేవారు. అలా బందరులో మా హెడ్మాష్టరుగారి పిల్లి నా వాటాకి వచ్చింది.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. గుడివాడ నుంచి వచ్చి ఆయన బళ్ళో టెంపరరీ మేష్టరుగా ఏడాది నెట్టుకొచ్చాను. వేసవి సెలవుల తర్వాత ఉంచుతారా, ఊడబెరుకుతారా అన్నది ఆయన రాయబోయే ఒక్క ఉత్తరంలో ఉంది. అందుకే పిన్నిగారు (ఆయన భార్యను మేమంతా అలాగే పిలిచేవాళ్ళం) "నెల్లాళ్ళు మా ఇంట్లో ఉండి తులసిని చూసుకుంటావా నాయనా?" అనగానే, పులినైనా చూసుకుంటానన్నాను.

"పులికంటే ఇది కష్టంలే. ఆచారం ఎక్కువ. పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టలేదు. రెండు పూటలా పెరుగన్నం, ఏకాదశినాడు ఉత్త పాలు" అన్నారావిడ. హెడ్మాష్టరుగారు తలెత్తకుండా పరుపుచుట్టకి తాడు బిగిస్తున్నారు.

వాళ్ళ బండి కదిలిన పూటే తులసి నా పెరుగన్నాన్ని వాసన చూసి, కాపీ కొట్టిన జవాబును మేష్టరు చూసినట్టు నావంక చూసి వెళ్ళిపోయింది. రెండోరోజూ అంతే. మూడోరోజు ఏకాదశి. పాలు కూడా ముట్టలేదు. పిల్లి నిర్జలోపవాసంతో పోతే నా ఉద్యోగమూ దానివెంటే పోతుంది. మధ్యాహ్నం అది పెరటిగోడ దూకితే, నేనూ పంచె ఎగ్గట్టి దూకాను. (గోడ తాటిచెట్టంత ఉండేది.) పక్కసందులో ఒక అరుగు మీద గంపత్త కూర్చుని ఉంది. రోజూ గిలకలదిండి నుంచి చేపలగంప నెత్తిన పెట్టుకొచ్చే మనిషి. ఆవిడ పాదాల దగ్గర, ఏకాదశినాడు, మా తులసి కానాగంత చేప తలకాయ నములుతోంది.

"అయ్యో, అది హెడ్మాష్టరుగారి పిల్లి" అన్నాను.

"ఎవరిదైతే ఏంటి బాబుగారూ, నాకాడ దీని పేరు రంగి. నాలుగేళ్ళనుంచి వస్తంది."

"మరి ఇంట్లో పెరుగన్నం తినేదిగా?"

"మూతి కడుక్కోటానికి తినుంటదిలెండి. తవరేమన్నా పుల్లపెరుగు పెడతన్నారా?"

పుల్లపెరుగే. ఆ పూట నుంచి మధ్యాహ్నం గంపత్త, సాయంత్రం నేను తెచ్చే కమ్మటి పెరుగు. నెల తిరిగేసరికి తులసి గుమ్మడిపండులా తయారైంది.

కాశీ నుంచి దిగుతూనే పిన్నిగారు దాన్ని ఎత్తుకుని, "ఎంత బరువెక్కిందో. ఏం పెట్టావు నాయనా?" అన్నారు. "మీరు చెప్పిందేనండి" అంటుండగానే సందులో "చేపలో" అని కేక. తులసి ఆవిడ చేతుల్లోంచి ఎగిరి గోడవైపు ఉరికింది.

"చూశావా, ఆ వాసనే గిట్టదు దానికి. తరిమేసి వస్తుంది" అని మురిసిపోతూ ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు.

హెడ్మాష్టరుగారు గొంతు తగ్గించారు. "నాలుగేళ్ళుగా ఈ సంగతి నా కడుపులో దాచుకున్నాను. నువ్వు దాచగలవుటోయ్?"

"దాచగలనండి."

"అయితే నీకు ఉద్యోగం ఖాయం."

ఇక రేపటి కాఫీ కోసం ఒప్పుకోక తప్పదు. గోడ నా నడుము ఎత్తే. అది చిన్న అబద్ధం. పెద్దది, హెడ్మాష్టరుగారి చివరి మాటలు. ఆయన అవేమీ అనలేదు. గోడవంక చూసి, కళ్ళజోడు తుడుచుకుని, లోపలికి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా ఉత్తరం రాశారు. ఆయనకి తెలుసనే నేను పాతికేళ్ళుగా నమ్ముతున్నాను. తెలియకపోతే మాత్రం, ఆ కుర్రమేష్టరు పాఠాలు బాగా చెప్పినందుకే ఉద్యోగం ఇచ్చారని అనుకోవాలి. వాడి పాఠాలు విన్నవాణ్ణి గనక, ఇంతవరకు అలా అనుకోలేకపోయాను.