కుండ మీది బాణం గుర్తు

ఈ ఉదయం మదనపల్లెలో ఒక చిత్రప్రదర్శనకు వెళ్ళి, అచ్చుసిరా వాసన తగలగానే నిలవలేక బయటికి వచ్చేశాను.

నా ఎనిమిదో ఏట, పుంగనూరులో మా చిన్నాయన గాజుపలక మీద అచ్చుసిరాతో బొమ్మ గీసి, దానిపై తడి కాగితం అద్ది తీసేవాడు. ఒకసారి గీస్తే ఒక్క బొమ్మే వచ్చేది. ఆ తరువాత పలకను కిరసనాయిలు గుడ్డతో తుడిచేసేవాడు.

ఒకరోజు రైతు మునెప్ప, తన చేలో బయటపడిన పాతకాలపు సమాధిలోని కుండను తెచ్చాడు.

"సచ్చినోళ్ళ సొత్తప్పా ఇది. పొద్దు గూకేలోపల మళ్ళా మన్నులో పెట్టేయాల. బిరీన గీసుకో."

గీయడం ముగియగానే మునెప్ప కుండతో వెళ్ళిపోయాడు. చిన్నాయన కాగితం తడపడానికి పెరట్లోకి వెళ్ళాడు. కుండ పోయింది కాబట్టి పని అయిపోయిందనుకున్నాను. మెచ్చుకుంటాడని పలకను శుభ్రంగా తుడిచిపెట్టాను.

"ఎంత పని చేసినావు పాపా!" అంటూ చిన్నాయన నేలమీద కూలబడ్డాడు. కాసేపటికి మళ్ళీ కుంచె పట్టి, మధ్యలో ఆగిపోయాడు.

"అచ్చులో సరిగ్గా పడాలని కుడిఎడమలు తిప్పి గీసినా. ఇప్పుడు తికమకగా ఉండాది. కుండ ఈపాటికి మన్నులోకి పోయింటాది. కుండ మీద బాణం గుర్తు యా పక్కకు ఉండె? నువ్వు ఈడనే ఉంటివి గదా, చెప్పు."

"కుడి పక్కకు," అన్నాను.

నిజానికి పొద్దుటి నుంచీ ఆయన చేతినే చూశాను, కుండను చూడలేదు. తెలియదంటే కోప్పడతాడని భయం. ఆయన నా మాట నమ్మి గీశాడు. ఆ బొమ్మకు బహుమతి కూడా వచ్చింది.

ఆయన పోయేదాకా నిజం చెప్పలేకపోయాను. డైరీల్లో మూడుసార్లు రాశాను, మూడుసార్లూ కొట్టేశాను.