జల్లెడ పట్టని పొట్టు

ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో బ్రాయిలర్ కోళ్లు ఇంకా కొత్తే. మా పెరట్లో షెడ్డు వేసి రెండు వందల కోళ్లు పెంచేవాణ్ని. కంపెనీ దాణా ఖరీదెక్కువ. అందుకని తవుడు, వేరుశనగ చెక్కతో పాటు జీడిపిక్కల బట్టీలో మిగిలిన పప్పు నూక, కొద్దిగా పొట్టు తెచ్చి కలిపేవాణ్ని.

బట్టీలో ఆడవాళ్లు పిక్కలు కొట్టేదీ, పప్పు మీది ఎర్రపొట్టు తీసేదీ ఒకే నేల మీద. సాయంత్రం అంతా ఊడ్చి గోనెల్లో నింపేస్తారు. పెంకు ముక్కలూ అందులోనే వస్తాయి. పెంకులోని జీడి రసం మన చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, ఇక కోడి నోటి సంగతి చెప్పక్కర్లేదు. అందుకే రెండుసార్లు జల్లెడ పట్టి, మిగిలిన ముక్కలు చేత్తో ఏరేవాణ్ని.

మా చర్చి సంఘంలో ఒక విధవరాలు ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద, అక్క వరసలో అప్పా అని పిలిచేవాణ్ని. నన్ను చూసి ఆమె కూడా నలభై కోడిపిల్లల్ని తెచ్చుకుంది. వాటికి దాణా నేనే కలిపి ఇచ్చేవాణ్ని. ఆ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు.

ఒక శనివారం ఆమె గోనె పట్టుకుని వచ్చింది. మర్నాడు గుడిలో వాక్యం చెప్పే వంతు నాది. బైబిలు ముందేసుకుని కూర్చున్నాను.

"బేగి ఇచ్చీ తమ్ముడా. కోళ్లు ఆకలి మీదున్నాయి. నీ పెసంగం ఎక్కడికీ పారిపోదులే," అంది నవ్వుతూ.

జల్లెడ పట్టకుండానే కలిపి ఇచ్చేశాను. తెలిసే ఇచ్చాను. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. మర్నాడు చిన్న పనిలోనూ నమ్మకంగా ఉండాలని ప్రసంగించాను.

వారం తిరిగేలోపు ఆమె కోళ్లు దాదాపు అన్నీ చచ్చాయి. చూడ్డానికి వెళ్తే వాటి ముక్కుల చుట్టూ పుళ్లు.

"తెగులేమో అప్పా," అన్నాను.

ఆ ఆదివారం గుడిలో, దేవుడు తమకు చేసింది ఒక్కొక్కరూ లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆమె లేచింది. "దేవుడు నన్ను పరీచ్చ సేసినాడు. అయినా ఆయనకి స్తోత్రమే," అంది. సంఘమంతా ఆమేన్ అంది. నేనూ అన్నాను.

ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుంటే ప్రార్థన నోటికి వచ్చేది కాదు. మూడు వారాలు అలా గడిచాక వెళ్లి చెప్పేశాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టింది.

"కోళ్లు పోతే పోనాయి. మరి నేను గుడిలో నిలబడి సెప్పిందేటి? నువ్వు సేసింది దేవుడి మీద ఏసీసినాను. నాసేత అబద్ధ సాక్ష్యం సెప్పించీసినావు. నువ్వే లేసి సరిసెయ్యి."

ఆదివారం లేచాను. ఆ కోళ్లు దాణాలో జరిగిన పొరపాటు వల్ల పోయాయని, అది దేవుని పరీక్ష కాదని చెప్పాను. దాణా కలిపింది ఎవరో చెప్పే ధైర్యం లేక ఆగిపోయాను.

వెనక నుంచి ఎవరో, "పాపం, సదువు లేని మనిషి. కలపడం తెలీనేదు," అన్నారు.

ఆమె తల తిప్పి ఒక్కసారి నా వైపు చూసింది. నేను కూర్చున్నాను. తర్వాతి కీర్తన ఎత్తుకున్నది కూడా నేనే.