ఏడో శనివారం, ఒకే స్కూటర్

మూడేళ్ల కిందటి ఏప్రిల్ నెల. కర్నూలు ఊరి చివర ఒక కల్యాణ మండపం. మూఢం వచ్చి పెళ్లిళ్లు లేవు కాబట్టి మా టీవీ వాళ్లకు అది సులువుగా దొరికింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే సింహాసనాలను మూలకు నెట్టి, ఆ వేదిక మీదే అక్షరాల బోర్డు నిలబెట్టారు. టీవీలో చూస్తే ఆ బోర్డు ధగధగలాడుతుంది. దగ్గరికి వెళ్తే ప్లైవుడ్డూ, జిగురు వాసనా.

నేను కంటెస్టెంట్ కోఆర్డినేటర్‌ని. పేరు వింటే పెద్ద ఉద్యోగం అనిపిస్తుంది. ఆటకు ఎంపికైనవాళ్లను ఊళ్ల నుంచి రప్పించడం, తిండి పెట్టించడం, చీర రంగు బోర్డు రంగులో కలిసిపోతే మార్పించడం, వణుకుతుంటే మంచినీళ్లు ఇవ్వడం, ఓడిపోతే బస్సు ఎక్కించడం నా పని. గెలిచినవాళ్ల పక్కన నిలబడటానికి యాంకర్ ఉంటుంది. ఓడినవాళ్లు నా వాటా. ఏడ్చే ఆడవాళ్ల భుజం ఏళ్ల తరబడి తట్టీ తట్టీ ఆ ఓదార్పు మాటలు నాకే చేదెక్కాయి. దానికి తోడు మోకాళ్ల నొప్పి.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. యాంకర్ ఒక ఆధారం చదువుతుంది. బోర్డు మీద గళ్లు ఒక్కొక్కటే తిరుగుతూ అక్షరాలు బయటపడతాయి. మాట తట్టినవాళ్లు ముందున్న బజర్ నొక్కి చెప్పాలి. ఎవరు ముందు నొక్కితే వాళ్లదే అవకాశం. పొద్దున్నుంచి జరిగే రౌండ్లలో వడపోత అయ్యాక, చివరికి ఇద్దరు మిగులుతారు. ఫైనల్లో ఎవరు ముందు మూడు బోర్డులు గెలిస్తే వాళ్లకు స్కూటర్. ఆ స్కూటర్‌కు పూలదండ వేసి వేదిక మీదే పెడతారు, అందరి కళ్లూ దాని మీదే ఉండాలని.

ఆ రోజు మిగిలిన ఇద్దరిలో ఒకామె ఆలూరు నుంచి వచ్చిన ఖాజాబీ. పాతికేళ్లు దాటి ఉంటాయి. ఇంట్లో టీవీ పెట్టుకుని జాకెట్లు కుడుతూ కుడుతూ ఈ ఆటలో ఆరితేరింది. కుట్టిన బట్టలు ఆదోని అంగళ్లకు వేసి రావాలి, బస్సు తప్పితే ఆ రోజు గోవిందా. రెండో ఆమె మంగంపేట ఓబుళమ్మ. నలభై దాటిన మనిషి. ముగ్గురాయి, అంటే బెరైటీస్, గనుల దగ్గర ఒక క్యాంటీన్లో వంట చేస్తుంది. అక్కడికి పొట్లాలు కట్టడానికి వచ్చే పాత పేపర్లలో పదకేళీలు నింపడం ఆమెకు అలవాటు. తెల్లవారకముందే పొయ్యి వెలిగించాలి. ఆ వేళకు ఆటోలుండవు. లారీలు తిరిగే దారిలో, తెల్లటి దుమ్ములో నడిచి పోవాలి.

"ఒకసారి లారీ నన్ను ఒరుసుకోని పాయ మేడం," అంది పొద్దున నాతో. "ఆ పొద్దు మొదులుపెట్టినా శనివారాలు. ఇది ఏడోది. ఈ బండి వస్తే సామికి తలనీలాలిస్తా."

శనివారం ఒక్కపొద్దు అంటే మా వైపు చెప్పనక్కర్లేదు. పగలంతా ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం దీపం పెట్టి, ఒకే పూట తింటారు. ఆ పూట కోసం ఓబుళమ్మ జొన్నరొట్టెలూ, వేరుశనగ గింజలతో నూరిన ఊరిబిండీ కట్టుకుని వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైంది తిరకాసు. శాకాహారం పొట్లాలు లైటింగ్ వాళ్లు ముందే లాగించేశారు. మిగిలింది చికెన్ బిర్యానీ.

"హలాల్ అవునో కాదో తెల్దు మేడం, నాకొద్దు," అంది ఖాజాబీ. "మా అమ్మ ఉప్పు బుడ్డలు కట్టిచ్చింది. అవి సాలు." ఉప్పు వేసి వేయించిన వేరుశనగ కాయలు అవి.

నేను ఇంకో పొట్లం కోసం మనిషిని పంపేలోపే ఓబుళమ్మ తన గిన్నె మూత తీసింది.

"చెనిక్కాయలు నమిలితే కడుపు నిండుతాదా పిల్లా? ఇంద, రొట్టె తిను."

"నువ్వక్కా?"

"నాకు ఒకపొద్దు. రాత్రికి ఏదో ఒకటి తింటాలే."

ఖాజాబీ ఆకలి మీదుంది. రొట్టెలన్నీ తింది. తిన్నాక బుడ్డల సంచి ముందుకు చాపితే ఓబుళమ్మ నవ్వి వద్దంది. ఇద్దరూ తోబుట్టువుల్లా కబుర్లు చెప్పుకుంటుంటే నేను కాసేపు కాళ్లు చాపుకున్నాను. ఆ రోజుకు నాకు దొరికిన విశ్రాంతి అంతే.

ఫైనల్ మొదలైంది. మొదటి బోర్డు ఓబుళమ్మది. రెండోదీ ఆమెదే. పొద్దున ఒకటి రెండు అక్షరాలకే బజర్ మోగించిన ఖాజాబీ, ఇప్పుడు బోర్డు సగం తెరుచుకున్నా చేతులు కట్టుకుని నిలబడింది. ఓబుళమ్మ తాపీగా ఆలోచించుకుని నొక్కింది. ఫ్లోర్ మేనేజర్, అంటే సెట్టు మీద అందరినీ అదిలించే అతను, ఆట ఆపించి నా దగ్గరికి వచ్చాడు.

"ఆవిడకేమైంది మేడమ్? పొద్దున పులిలా ఆడింది. ఇలా అయితే ఎపిసోడ్ ఎవరు చూస్తారు? పది నిమిషాల్లో సరిచేసి తీసుకురండి."

సరిచేయడానికి ఆమె కుట్టు మిషనా? ఇద్దరినీ గ్రీన్ రూమ్‌లోకి తీసుకెళ్లాను. గ్రీన్ రూమ్ అంటే మేకప్ గది. అక్కడ పెళ్లికూతురు గదే గ్రీన్ రూమ్. ఓబుళమ్మ తెర అవతల ముఖం కడుక్కుంటోంది. నేను ఖాజాబీని కూర్చోబెట్టి అడిగాను.

"తెలియలేదామ్మా మాటలు?"

"తెలుసు మేడం. రెండూ తెలుసు."

"మరి నొక్కలేదెందుకు?"

తల వంచుకుంది. "ఆయక్క తన రాత్రి కూడు నాకు పెట్టింది. ఆ ఉప్పు ఇంకా నాలిక మీదనే ఉండాది. తిన్నింటి వాసాలు ఎట్ల లెక్కపెట్టల్ల మేడం?"

"ఇది ఆట కదమ్మా."

"ఆటనే. స్కూటర్ నిజందే కదా."

మా నాన్న ఏ అంగడివాళ్లు టీ తాగిస్తే ఆ అంగట్లో బేరం ఆడేవాడు కాదు. ఎక్కువ చెప్పారని తెలిసినా మాట్లాడకుండా ఇచ్చి వచ్చేవాడు. అట్లాంటి ఇంట్లో పుట్టినదాన్ని, ఈ అమ్మాయిని ఏమని తప్పు పట్టను? బయటికి వెళ్లి ఇదే చెబితే వాళ్లు నవ్వుతారు, లేదంటే ఇద్దరినీ కెమెరా ముందు ఏడిపించి ప్రోమో కట్ చేస్తారు. రెండోదే ఎక్కువ భయం నాకు.

తెర జరిగింది. ఓబుళమ్మ అంతా విన్నది. విననట్టు ఊరుకుంటే ఇంకొక్క బోర్డు, బండి ఆమెది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"ఏమే, నేను పెట్టింది కూడు గాదా, లంచమా?"

"అట్లనలేదక్కా..."

"మరేంది? రేపు మా ఊర్లో ఆ బండి మింద పోతాంటే ఎట్ల గెలిస్తివని అడుగుతారు. రొట్టెలు పెట్టి తెచ్చుకుంటినని చెప్పాల్నా?" చెయ్యి చాపింది. "ఆ చెనిక్కాయలు ఇట్లియ్యి."

ఖాజాబీ సంచి వెనక్కు లాక్కుంది. నేనూ అడ్డుపడ్డాను. "ఓబుళమ్మా, ఏడో వారం కదా. దీపం పెట్టినాక తిందువులే."

"అంతవరకూ మీ సారు ఆట ఆపుతాడా?"

ఆపడు. నేను పక్కకు జరిగాను.

గుప్పెడు నోట్లో వేసుకుంది. తొందర పడలేదు. నమిలినంతసేపూ గోడకున్న దేవుడి క్యాలెండర్ వైపు చూడలేదు. కొంగుతో చేతికంటిన ఉప్పు తుడుచుకుని, "ఇప్పుడు నేనూ నీ ఉప్పు తింటి. సమమైపాయ. ఇంక చేతులు కట్టుకోని నిలబడితే నాకు కోపమొస్తాది, చూడు," అంది.

నీళ్ల సీసా ఎవరికి ఇవ్వాలో తెలియక నేనే తాగాను.

తర్వాత జరిగినదే అసలు ఆట. ఖాజాబీ మూడో బోర్డు గెలిచింది, నాలుగోదీ గెలిచింది. ఓబుళమ్మ కూడా ఏమీ వదల్లేదు, పంటి బిగువున నిలబడింది. చివరి బోర్డుకు ఇద్దరి చేతులూ ఒక్కసారే లేచాయి. ముందు వెలిగింది ఖాజాబీ బజర్ దీపం. మాట చెప్పింది. సరైన మాటే.

రంగు కాగితాలు కురిశాయి. ఖాజాబీ బండి వైపు పోకుండా ఓబుళమ్మను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. యాంకర్ ఆమెను మెల్లగా విడదీసి కెమెరా వైపు తిప్పింది. నా వాటా నా దగ్గరికి వచ్చింది.

ఆటోలో బస్టాండుకు వెళ్తున్నంతసేపూ నాకు పాత ఓదార్పు మాటలేవీ నోటికి రాలేదు. బాగా ఆడావని అంటే ఎగతాళిలా ఉంటుంది. కడప బస్సుకు ఇంకా టైముంది. ఏమన్నా తినమన్నాను.

"ఒకపొద్దు ఎట్లాగూ చెడిపాయ. ఇడ్లీ తింటా," అంది.

తింటుంటే అడిగాను. "బాధగా ఉందా?"

"ఉండదా మేడం? శానా ఉండాది. రేపు చీకటితోనే మల్లా ఆ లారీల దావన నడవాల." ఒక ముక్క తుంచి మళ్లీ అంది. "ఏడు వారాలూ మొదట్నించి పట్టాల. దేనికని పట్టాల్నో, అది చూసుకోవాల ఇంక."

బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక నన్ను పిలిచింది. ఏదో మంచి మాట చెబుతుందనుకుని దగ్గరికి వెళ్లాను.

"ఆ పిల్లకు చెప్పండి మేడం, చెనిక్కాయల్లో ఉప్పు తక్కువ. కావాలని ఓడిపోయేంత ఉప్పు లేదు దాంట్లో."

నవ్వాను. బస్సు కదిలాక నవ్వు నిలవలేదు.

అప్పటి నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున ఆట మొదలయ్యే ముందే వచ్చినవాళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టి, ఒకరి గిన్నెలోది ఒకరికి ఇంత రుచి చూపిస్తాను. ఒక్కపొద్దు వాళ్లుంటే రాత్రికి తినేలా అరటిపండ్లు తెచ్చి, ఒకరిచేత ఒకరికి ఇప్పిస్తాను. అది ఆప్యాయత అనుకుని మా వాళ్లు కెమెరా పెడతారు. పెట్టుకోనీ. ఎవరూ ఎవరికీ బాకీ లేకుండా వేదిక ఎక్కాలి, నాకు కావలసింది అంతే. ఓడినవాళ్ల భుజం తట్టడం కూడా మానేశాను. పక్కన కూర్చుంటాను, వాళ్లు మాట్లాడితే వింటాను.

ఓబుళమ్మ సంగతి చెబితే విన్నవాళ్లంతా, "ఎంత గొప్ప మనిషండీ," అంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకుని తృప్తిపడ్డాను. మొన్న ఉగాదికి ఆమెకు ఫోన్ చేశాను. వెనక గిన్నెల చప్పుడు. ఎట్లా ఉన్నావు, బండి ఏమైనా కొన్నావా అని అడిగాను.

"యాడ కొంటా మేడం," అంది ఓబుళమ్మ. "నడిచే పోతాండా."