గోడలో తెరిచిన దారి

ఆ బంగళా చూడటానికి టిక్కెట్టు పెట్టారు. అనాథ పిల్లల కోసమని పెద్దింటి ఆడవాళ్ళ సంఘమొకటి ఆ ఏర్పాటు చేసింది. పూనమల్లి రోడ్డు మీద పాడుబడిన జమీందారీ మేడ అది. బొంబాయి నుంచి అలంకరణ నిపుణులు వచ్చి గదికొకరు చొప్పున ముస్తాబు చేశారట. మా కాలేజీ స్టాఫు రూములో వారమంతా అవే పొగడ్తలు. నేను మాత్రం ససేమిరా అన్నాను. అది మా అక్క అత్తవారిల్లు. అక్క అక్కడే పోయింది.

అమ్మ వెళ్దామంది.

"పుణ్యక్షేత్రమా అది? పిల్లను పొట్టన పెట్టుకున్న కొంప!"

"కాలేజీలో అరిచేది చాలదా, ఈడ కూడానా? ఆ గది ఒక్కతూరి చూడాలమ్మే. అంతే."

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. చూలై పేట సందులో మీ ఇరుకు మిద్దెకు జమీందారీ వారసుణ్ణి ఎలా పంపుతామని వాళ్ళు అక్కను ఆపేశారు. వారసుడూ దక్కలేదు, అక్కా దక్కలేదు. కబురంది మేం జట్కాలో పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. మైల అంటూ అమ్మను గడప కూడా దాటనివ్వలేదు. కూతురు ఏ గదిలో కళ్ళు మూసిందో అమ్మకు తెలియదు.

హాల్లో పాతకాలపు రోలును బోర్లించి, పైన గాజు పలక వేసి, టీ బల్ల అన్నారు. అక్కడ నిలబడ్డ అలంకరణ నిపుణురాలికి పాతికేళ్ళుంటాయి. ఇంగ్లీషు తప్ప మాట్లాడదు.

"తిరగలిని కూడా గోడకు వేలాడదీయకపోయారా?" అన్నాను ఇంగ్లీషులోనే.

"మంచి ఆలోచనండీ!" అంది సంతోషంగా.

అమ్మ నా చెయ్యి లాగింది. ఒక్కో గదీ తొంగి చూస్తూ, ఇది కాదు, ఇది కాదు అనుకుంటూ పోతోంది. దేన్నిబట్టి అంటోందో నాకు అర్థం కాలేదు. చివరికి వెనక వైపు గది దగ్గర ఆగిపోయింది.

లేత నీలం తెరలు, పేము కుర్చీలు. వెనక గోడలో కమాను గుమ్మం, దానికి రెండు వైపులా క్రోటన్ల కుండీలు. జనం నిమ్మరసం గ్లాసులతో అందులోంచి తోటలోకి వెళ్తున్నారు, వస్తున్నారు.

"మా గొప్ప విజయం ఇదే," అంది వెంట వచ్చిన ఆ అమ్మాయి. "ఇక్కడ ఇటుకల వరస వేరుగా కనిపించింది. పాత గుమ్మాన్ని ఎవరో మూసేశారు. మేం తెరిపించాం!"

అక్కడ గుమ్మం ఎన్నడూ లేదు. పురిట్లో పోయినదాన్ని సింహద్వారం గుండా తీసుకెళ్ళకూడదు. గోడ పగలగొట్టి, ఆ కంతలోంచి దాటించి, దయ్యమై తిరిగొచ్చే దారి తెలియకుండా వెంటనే ఆ కంత మూసేస్తారు. ఆనాడు తోటలో నిలబడి అమ్మ బయటి నుంచి చూసినదల్లా సున్నం తడి ఆరని ఈ గోడనే.

నా నోట్లో మాటలు బుసకొట్టాయి. ఆ పిల్ల వైపు తిరిగాను.

"దాన్నేమీ అనమాక," అంది అమ్మ. ఆమె అరచెయ్యి కమాను అంచు మీద ఉంది. "మళ్ళా రాకూడదని మూసినారు వాళ్ళు. ఈ పాప తెరిచిందే! ఇట్లే ఉంచుతారా, అడుగు."

అడిగాను. లేదట. ప్రదర్శన ఆదివారంతో సరి. దొంగల భయమని, మళ్ళీ గోడ కట్టించి ఇమ్మన్నాడట ఇంటి యజమాని.

ఎవరితోనైనా ఎంతసేపైనా వాదించగలను. అమ్మకు ఆ ఒక్క ముక్క తెలుగులో చెప్పే ముందు, నిజమేనా అని ఆ పిల్లను మళ్ళీ అడిగాను. చివరికి చెప్పాను.

"అట్లయితే ఇంకొంచెంసేపు ఉందాం," అంది.

కుర్చీ వద్దని, గుమ్మానికి ఎదురుగా నేల మీద కూర్చుంది. పక్కనే నేనూ కూర్చున్నాను. పట్టుచీరలవాళ్ళు మమ్మల్ని తప్పుకుని నడిచారు. తోట వైపు నుంచి ఎవరి నీడ లోపల పడినా అమ్మ తలెత్తి చూసింది.