మామకు తిరిగొచ్చిన అంచు

మా మామ పోయిన సంగతి నాకు కర్నూలు బస్టాండులో తెలిసింది. నూలు కోసం వెళ్లి, కడప బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా ఊరి నేతగాడొకడు బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "నీ కోసరమే వచ్చినానప్పా. మీ మామ నిన్న పొద్దున పోయినాడు" అన్నాడు. నా చేతిలో టీ గ్లాసు ఉంది. టీ అంతా తాగి, గ్లాసు తిరిగిచ్చి, బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఈ మాటలు రాస్తున్న ఇవాళ్టికి పదహారు రోజులు. ఇంకా రాలేదు.

ఆయన నా భార్యకు తండ్రి. సిద్ధవటం దగ్గర మా ఊళ్లో ఆయన నేసే అంచు చీరలకు పేరుండేది. ఆ అంచులో ఏ పోగు ఎత్తాలి, ఏది వదలాలి, ఎక్కడ రంగు మార్చాలి అన్నది కాగితం మీద ఎక్కడా లేదు. అంతా ఆయన తలలోనే ఉండేది. పక్క మగ్గం మీద పదేళ్లు నేసినా నాకు చెప్పలేదు. అడిగితే, "నేను బతికే ఉండాను కదా, నీకేం తొందర?" అనేవాడు. అంచు దగ్గరికి వచ్చేసరికి నాకు వీపు తిప్పేవాడు. ఆ వీపును చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ మాట ఇప్పుడు దాచి లాభం లేదు.

కరువు ఏడాది ఆయనకు జ్వరం తగిలింది. ఇరవై రోజులు వదల్లేదు. తలకెక్కిందన్నారు. జ్వరం దిగాక లేచి, గంజి తాగి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పోగు నడిపే నాడె చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. చాలాసేపటికి నన్ను పిలిచాడు.

"అల్లుడా, ఈ అంచు ఎట్లా మొదలుపెట్టేది?"

"నాకు తెల్దు మామా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అంచు ఒక్కటే కాదు, మాటలూ పోయాయి. దిండు కావాలంటే ఆ పేరు రాక చేత్తో చూపించేవాడు. కూతుర్ని చెల్లెలి పేరుతో పిలిచేవాడు. కడప డాక్టరు మందిచ్చి, కుదురుకోవచ్చు, కుదురుకోకపోనూవచ్చు అన్నాడు.

మా వీధిలో, హైస్కూల్లో డ్రిల్లు చెప్పి మానుకున్న అయివారు ఒకరున్నారు. ఏళ్ల తరబడి యోగాసనాలు వేస్తున్న మనిషి. ఆయనే ఇంటికి వచ్చారు.

"నిద్ర పట్టదు, గుండె దడదడమంటాది, మనసు ఒక తావున నిలవదు. అట్లుంటే గ్యాపకం యాడ నిలుస్తాదప్పా? ముందు ఊపిరి నిదానం చేద్దాం."

"నేనేమన్నా సన్నాసినా అయివారూ?"

"కాదులే. ఊపిరైతే తీస్తాండావు కదా!"

మరునాడు పొద్దున్నే వసారాలో జంపకానా పరిచారు. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చడం, ఎనిమిది లెక్కపెడుతూ వదలడం. చేతులు పైకెత్తడం, నిదానంగా వంగడం, చివర కాసేపు వెల్లకిలా పడుకోవడం. మొదట్లో మామ మూడు తర్వాత ఏమిటో గుర్తురాక తొడ మీద గుద్దుకునేవాడు. నా భార్య పక్కన కూర్చుని పైకి లెక్కపెట్టేది. రెండు నెలలకు నిద్ర పట్టసాగింది. ఆ తర్వాత ఒక్కొక్కటే పేర్లు వచ్చాయి. "అంతా మీ చలవే" అని నేనంటే అయివారు ఒప్పుకోలేదు. "మందు పని మందు చేసింటాది, ఊపిరి పని ఊపిరి చేసింటాది. ఏది ఎంతో నాకు తెల్దు" అన్నారు.

ఒకనాడు కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెడుతుండగా మామ వేళ్లు తొడ మీద కదలడం చూశాను. పోగులెత్తుతున్న వేళ్లు అవి. కళ్లు తెరిచి, "అల్లుడా, కాగితం తే" అన్నాడు. ఆయన చెప్పాడు, నేను రాశాను. ఆ రోజు సగం అంచు వచ్చింది. మిగతాది నెలల మీద వచ్చింది. ఒక పువ్వు మాత్రం ఎంతకీ రాలేదు. అక్కడ ఉత్త గీత నేయడం మొదలుపెట్టాం.

అప్పటి నుంచి నాకు ఎదురుగా కూర్చుని నేర్పాడు. ఒకసారి పని మధ్యలో ఆగి అన్నాడు: "నాకు గ్యాపకం పోయిందని భయపళ్లా. నిన్నడిగితే నీకూ తెల్దన్యావు సూడు, అప్పుడు భయపడినా. నేనే దాచినా, నాకే దొరకలా."

నేను తెగిన పోగు ముడేసుకుంటూ కూర్చున్నాను. ఏదో ఒకటి అని ఉండాల్సింది.

ఆ తర్వాత ఐదేళ్లు బతికాడు. మహానందికి పోయినా కోనేట్లో దిగే ముందు ఊపిరి లెక్క పూర్తి కావాల్సిందే. నేను కత్తెర ఎక్కడో పెట్టి ఇల్లంతా తిరుగుతుంటే, "వెతకబాకు. కూచో. ఊపిరి తీయి. అదే గ్యాపకమొస్తాది" అనేవాడు. చాలాసార్లు వచ్చేది కూడా.

చివరి రోజు కూడా అంతా చేసి, రోజూలాగే వెల్లకిలా పడుకున్నాడట. విశ్రాంతిగా ఉన్నాడనుకుని నా భార్య చప్పుడు కాకుండా ఆయన చుట్టూ ఊడ్చి, పొయ్యి వెలిగించి, గంజి చల్లార్చి, అప్పుడు లేపబోయిందట.

పదో రోజు కర్మకు పెన్నకు వెళ్లాం. ఏట్లో నీళ్లు లేవు. కర్మకు కావలసిన నీళ్ల కోసం ఇసుకలో మోకాటి లోతు చెలమ తవ్వాం. అడుగున తడి కనిపించింది, తర్వాత మడ్డి నీళ్లు. కొబ్బరిచిప్పతో తోడి పారబోశాం. మళ్లీ ఊరాయి. మళ్లీ తోడాం. ఎండ ఎక్కుతోంది. నీళ్లు తేటపడేదాకా అందరం ఆ చెలమ చుట్టూ కూర్చుని చూస్తూ ఉన్నాం.