పాణమున్న గోలీ

బోధన్ చుట్టుపక్కల వేపచెట్లు పూతకొస్తే చాలు, మా శారమ్మ అవ్వకు తుమ్ములు మొదలవుతాయి. కొంగు ముక్కు మీదికి, అక్కడి నుంచి కళ్ల మీదికి పోతూనే ఉంటుంది. చర్చిలో గుడ్ ఫ్రైడే పాట ఎత్తేది ఆమే. ఈసారి పాట చెడిపోతుందని భయపడి నిజామాబాద్ డాక్టర్ దగ్గరికి పోయింది. ఆయన ప్రోబయోటిక్ గోలీలిచ్చి, "ఈ గోలీలల్ల బతికున్న మంచి క్రిములుంటయి. కొందరికి తుమ్ములు తగ్గుతయి, అందరికీ అని చెప్పలేం" అన్నాడు. ఆ మాటతో అవ్వకు కొత్త చిక్కొచ్చింది. ఈస్టర్ దాకా నలభై రోజులు ఆమె మాంసం ముట్టదు. "పాణమున్నదాన్ని ఎట్ల మింగాలె బిడ్డ?" అంది తిరిగొచ్చే బస్సులో నాతో. "పెరుగు తినేటప్పుడు యాదికి రాలేదా అవ్వా? అండ్ల గూడ గసొంటివే ఉంటయి" అని నేను ఎగతాళి చేశాను. అవ్వ నవ్వలేదు. ఆ రాత్రి నుంచి గోలీలు ముట్టలేదు, పెరుగు గిన్నె కూడా మా వైపు జరిపేసేది.

గుడ్ ఫ్రైడే నాడు పాట ఎత్తింది. రెండో చరణంలో తుమ్ములు వరసగా వచ్చాయి. వెనక కూర్చున్న ఆడవాళ్లందరికీ ఆ పాట నోటికొచ్చు. అయినా ఒక్కరూ అందుకోకుండా ఆమె కోసమే ఆగారు. అవ్వ ముక్కు తుడుచుకుని, ఆగిన మాట దగ్గరే మళ్లీ ఎత్తింది.