టబ్బులో ప్రార్థన నూనె

ఆదివారం ఆరాధనలో సంఘపెద్ద ప్రార్థన నూనె సీసా మూత తీస్తే చాలు, ఆ ఆలివ్ వాసనకు బోధన్‌లో మా ఇంటి చేపల తొట్టి గుర్తొస్తుంది.

చిన్నప్పుడు మా బాపు ఆ తొట్టిలో పెంచడానికి నిజామాబాద్ నుంచి కొత్త ఆస్కార్ చేపను తెచ్చాడు. దాన్ని పాత చేపల్లో కలపకుండా, దొడ్డుప్పు కరిగించిన నీళ్ల టబ్బులో విడిగా ఉంచాడు.

"రోగముంటే పాతవాటికి అంటుకుంటది బిడ్డా. కొన్నొద్దులు గిట్లనే ఉండాలె," అన్నాడు.

నాకు రోగమన్న మాటే వినిపించింది. చేప చచ్చిపోతుందని భయమేసింది. మా సంఘంలో జబ్బుపడ్డవాళ్లకు నూనె రాసి ప్రార్థిస్తారు. చేపకు ఎలా రాయాలో తెలియక, ఇంట్లో ఉన్న ప్రార్థన నూనె మూతెడు టబ్బులో పోసి, మోకాళ్లూని కళ్లు మూసుకున్నాను.

ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి నీళ్లమీద నూనె తెట్టు కట్టింది. చేప గాలందక పైకొచ్చి నోరు తెరుస్తోంది. నా కేకకు బాపు ఉరికొచ్చి, దాన్ని వలతో తీసి, ముందురోజే పట్టి ఉంచిన నీళ్లలో వేశాడు. చేప తేరుకుంది.

"దానికి రోగమే లేదు పిచ్చిపిల్లా! రావద్దనే గీ తిప్పలు."

"మరి నా ప్రార్థన?"

"దేవుడు విన్నడు. గందుకే నన్ను ఉరికిచ్చిండు."

ఇప్పుడు స్వస్థత కోసం ప్రార్థించినప్పుడల్లా, రాకుండా దేవుడు ఆపిన రోగాల కోసం కూడా స్తోత్రం చెల్లిస్తాను. వాటిని ఆపడానికి ఆయన వాడుకున్న చేతుల్లో, ఉప్పునీళ్లకు నానిన మా బాపు చేతులు కూడా ఉన్నాయి.